ఒక రిపోర్టులో నలుగురు సూర్యనారాయణలు

ఇది ఒక బ్యాక్‌గ్రౌండ్ చెక్ సర్వీసు మీద రివ్యూ. సర్వీసు పేరు రాయను. ఫోన్ తెరిస్తే ఇలాంటివి బోలెడు కనబడుతున్నాయి, ఈ కొట్టు కాకపోతే ఇంకో కొట్టు. మనిషి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఇచ్చి డబ్బు కడితే ఆ పేరు మీద కోర్టుల్లో, కంపెనీల రిజిస్టర్లలో, ఓటరు జాబితాల్లో ఏమున్నా ఏరుకొచ్చి పీడీఎఫ్ చేసి పంపుతారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, ఇంట్లో పనికి మనిషిని పెట్టుకునేవాళ్లు, పిల్లనిచ్చేవాళ్లు కొంటారట. మాది మూడో రకం.

మా అప్ప కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి చార్టర్డ్ అకౌంటెంటు, హైదరాబాదులో ఉద్యోగం, సొంతూరు రాజాం దగ్గర. పేరు సూర్యనారాయణ. ఇంటిపేరు మీకు అనవసరం. మా బావ ఎవరికీ చెప్పకుండా పద్దెనిమిది వందల చిల్లర కట్టి రిపోర్టు తెప్పించాడు. అది చదివి పొద్దున్నే నాకు ఫోను. "ఏటిరా ఇది, ఈ గుంటడి మీద క్రిమినల్ కేసుందట! కంపెనీలు కూడా ఉన్నాయట, మనకి ఒక్కటీ చెప్పలేదు." నాకే ఎందుకు చేశాడంటే, నేను శ్రీకాకుళంలో దస్తావేజు లేఖరిని. పేర్లతోనూ తండ్రి పేర్లతోనూ కాపురం చేస్తున్నవాణ్ని.

రిపోర్టులోకి వెళ్లే ముందు మన వైపు పేర్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ సర్వీసు బోల్తా పడింది అక్కడే. అరసవల్లి ఉంది గనక ఇక్కడ వీధికో సూర్యనారాయణ. శ్రీకూర్మం చుట్టుపక్కల కూర్మారావులు, కూర్మయ్యలు. శ్రీముఖలింగం వైపు ముఖలింగాలు. విజయనగరం వెళ్తే పైడితల్లమ్మ పేరున పైడిరాజులు, పైడమ్మలు. ఇక సింహాద్రి అప్పన్న సంగతి వేరే చెప్పాలా: అప్పారావు, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ. సింహాచలం అని పేరు వినబడితే మనిషి ఎదురుపడేదాకా ఆడో మగో కూడా తెలీదు. దీనికి తోడు తాత పేరు మనవడికి పెట్టడం. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురూ తమ పెద్దకొడుక్కి ఆ తాత పేరే పెడతారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే, ఒక్కోసారి వీధి కూడా ఒకటే. తేడా అల్లా తండ్రి పేరు. ఊళ్లోవాళ్లకి దీంతో ఏ ఇబ్బందీ లేదు. పెద్దోడు, సిన్నోడు, ఎర్రోడు, మిల్లోడు అని పిలుచుకుని పని జరుపుకుంటారు. ఆ పిలుపులు కోర్టు కంప్యూటర్లోకి ఎక్కవు, అంతే.

రాజులకే తప్పలేదు ఈ తంటా. విజయనగరం పూసపాటివారిలో 1757లో బొబ్బిలి యుద్ధమప్పుడు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయినాయన విజయరామరాజు. 1794లో పద్మనాభం యుద్ధంలో పోయినాయనా విజయరామరాజే. జనం ఒకాయనకి పెద, ఇంకొకాయనకి చిన చేర్చుకున్నారు గనక సరిపోయింది. ఈ సర్వీసు చేతికి చిక్కి ఉంటే ఒకే రాజు ముప్ఫై ఏడేళ్ల తేడాతో రెండుసార్లు యుద్ధంలో చచ్చిపోయినట్టు రిపోర్టు వచ్చేది. చట్టం రాసినవాళ్లకి ఈ గొడవ బాగానే తెలుసు. ఒకే పేరుతో ఇద్దరు పోటీలో ఉంటే వృత్తినో, నివాసాన్నో, మరొకటో చేర్చి వాళ్లని వేరు చేసి చూపాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఉంది. 2015 నుంచి బ్యాలెట్ మీద అభ్యర్థి ఫొటో కూడా వేస్తున్నారు. పేరు చాలదని ప్రభుత్వం ఒప్పుకుంది, ఈ కంపెనీలే ఇంకా ఒప్పుకోలేదు.

సరే, రిపోర్టు. అట్ట పేజీ మీద నారింజ రంగు గుండ్రం, అందులో "రిస్కు: మధ్యస్థం". అది చూశాక ఏ ఆడపిల్ల తండ్రికైనా మిగతా పేజీలు తిన్నగా కనబడవు. లోపల కోర్టు పేజీలో ఎర్ర అక్షరాలతో "క్రిమినల్ కేసు: 1". కింద చిన్న పట్టిక. కోర్టు పేరు, కేసు నెంబరు, సంవత్సరం, చట్టం గడిలో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు సెక్షన్ 138 (అంటే చెక్కు బౌన్సు), ముద్దాయి గడిలో ఇంటిపేరు పొడి అక్షరంతో సూర్యనారాయణ, చివరి గడిలో "పేరు పోలిక: 92 శాతం".

ఈ 92 దగ్గర ఆగాలి. చదివినవాడు ఏమనుకుంటాడు? నూటికి తొంభై రెండు పాళ్లు ఇతనే అనుకుంటాడు. మా బావ అదే అనుకున్నాడు. అది మనిషి పోలిక కాదు, అక్షరాల పోలిక. వాళ్ల హెల్ప్‌లైన్ అమ్మాయే ఆ సంగతి చెప్పింది. ఇంగ్లిషులో సూర్యనారాయణని కలిపి రాసేవాళ్లున్నారు, రెండు ముక్కలుగా రాసేవాళ్లున్నారు, చివర రావు తగిలించేవాళ్లున్నారు. మనం ఇచ్చిన పేరులో అక్షరాలు అక్కడి పేరుతో ఎన్ని కలిశాయో లెక్కేసి శాతం వేస్తారట. ఆ లెక్కన మన జిల్లాలో ఏ సూర్యనారాయణ మీదైనా ఏ సూర్యనారాయణ కేసునైనా అంటించవచ్చు. ఫారంలో తండ్రి పేరుకి గడి ఉంది గాని దాని పక్కన నక్షత్రం గుర్తు లేదు, అంటే నింపకపోయినా ఫారం ముందుకెళ్తుంది. బావ నింపాడు. నింపినా వెతుకులాటలో వాడలేదు, అదీ ఆ అమ్మాయే చెప్పింది.

కేసు నెంబరు ఇచ్చారు గనక కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటు తెరిచాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అది ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. పేరుతో వెతకాలంటే జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని, పేరులో కనీసం మూడు అక్షరాలు, సంవత్సరం కొట్టాలి. అలా వెతికితే జాబితా వస్తుంది గాని మనిషి దొరకడు. కేసు నెంబరుతోనో, ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నెంబరుతోనో వెళ్తే తిన్నగా ఆ కేసు దగ్గరే దిగుతాం. తెర మీద పార్టీల పేర్లు, వకీళ్ల పేర్లు, వాయిదా తేదీలు ఉంటాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సరుకు కింద ఉత్తర్వు పీడీఎఫ్‌లో ఉంటుంది. దాని మొదటి పేజీలో ముద్దాయి పేరు పక్కన తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు రాస్తారు. తెరిచి చూస్తే ఈ ముద్దాయిగారికి యాభై ఎనిమిదేళ్లు, ధాన్యం వ్యాపారం, తండ్రి పేరు వేరు, మండలమే వేరు. మా పెళ్లికొడుకు పుట్టింది 1996లో. పుట్టిన తేదీ ఇదే రిపోర్టు రెండో పేజీలో ముద్రించి పెట్టుకున్నారు, ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకునే దిక్కు లేదు.

ఆ కేసైనా ఏమైంది? రాజీ పడి కొట్టేశారు. చెక్కు బౌన్సు కేసులో ఇరుపక్షాలూ రాజీ పడవచ్చని ఆ చట్టంలోనే సెక్షన్ 147 చెబుతోంది. లోక్ అదాలత్ రోజున కోర్టు వైపు వెళ్లి చూడండి, ఇలాంటివి ఎన్ని తెగుతాయో. పాపం ఆ పెద్దమనిషి బాకీ తీర్చేసి ఇంటికెళ్లిపోయాడు. ఆయన కేసు ఎవరి పెళ్లి సంబంధంలోనో ఎర్ర రంగులో ఊరేగుతోందని ఆయనకి తెలీదు. "క్రిమినల్ కేసు" అన్న మాట పెద్దగా, "రాజీతో ముగిసింది" అన్న మాట అసలు లేకుండా అచ్చేయడం నాకు మరీ దారుణంగా అనిపించింది. అది పేరు తికమక కూడా కాదు, సైటులో ఎదురుగా ఉన్నదాన్ని వదిలేయడం.

కంపెనీల పేజీ ఇంకా ముచ్చటైనది. "డైరెక్టరు పదవులు: 2" అని రాసి రెండు కంపెనీల పేర్లూ, వాటి పక్కన డిన్ నెంబర్లూ వేశారు. డిన్ అంటే కంపెనీ డైరెక్టరుకి ఇచ్చే ఎనిమిది అంకెల నెంబరు. ఎన్ని కంపెనీల్లో ఉన్నా మనిషికి ఒక్కటే నెంబరు. రెండోది తీసుకోకూడదని 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఈ రిపోర్టులో రెండు కంపెనీల పక్కన రెండు వేర్వేరు నెంబర్లున్నాయి. అంటే వీళ్లు ఇద్దరు మనుషులని వాళ్ల కాగితమే మొర పెట్టుకుంటోంది, వాళ్లే వినలేదు. అందులో ఒకాయన డైరెక్టరుగా చేరిన తేదీ 2006. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. లెక్కలు బాగా వచ్చే పిల్లాడే అంటారు గాని మరీ అంత కాదు. ధాన్యం వ్యాపారిది ఒకటి, ఈ డైరెక్టర్లవి రెండు, పెళ్లికొడుకుది ఒకటి: అలా పద్దెనిమిది వందలకి నాలుగు జీవితాలు ఒకే పీడీఎఫ్‌లో కుట్టి ఇచ్చారు.

చిరునామా పేజీకి వచ్చేసరికి కథ తిరగబడింది. అక్కడ ఒకే మనిషిని ఇద్దర్ని చేశారు. రాజాం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా. ఆ రోజు కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లాయి. అబ్బాయి పాత ఓటరు కార్డులో శ్రీకాకుళం జిల్లా, ఈ మధ్య మార్చుకున్న ఆధార్‌లో విజయనగరం జిల్లా. దాన్ని పట్టుకుని "చిరునామాల్లో వైరుధ్యం" అని పసుపు గుర్తు పెట్టారు. ఊరు అదే, ఇల్లు అదే, మారింది కలెక్టరాఫీసు. శ్రీకాకుళం జిల్లాయే 1950లో విశాఖపట్నం నుంచి విడింది, విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. రాజాం వైపు పాత దస్తావేజులు తిరగేస్తే ఒకే పొలం మూడు జిల్లాల పేర్లతో కనబడుతుంది. మా వృత్తిలో అది చూసి ఎవరూ పసుపు గుర్తు పెట్టరు.

వృత్తి పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఉండాలి. అక్కడ "చార్టర్డ్ అకౌంటెంట్: నిర్ధారణ కాలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. బావ గుండె పూర్తిగా జారిపోయింది అక్కడే. "అబ్బాయినే సభ్యత్వ నెంబరు అడుగుదాం బావా" అన్నాను. "బాగుంటాదేటిరా, ఏటనుకుంటారు ఆళ్లు" అని నసిగాడు. దొంగచాటుగా రిపోర్టు తెప్పించడం బాగుందిట, మొహాన అడగడం బాగోదట. చివరికి నేనే అడిగాను. అబ్బాయి ఏమీ అనుకోలేదు. "ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా ఇదే అడిగారండీ" అని వాట్సాప్‌లో ఆరంకెల నెంబరు పెట్టాడు. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ సైటులో ఆ నెంబరు కొడితే అబ్బాయి వివరాలు వచ్చేశాయి. తేడా ఏమిటంటే అక్కడ పేరు రెండు ముక్కలుగా ఉంది, బావ ఫారంలో కలిపి రాశాడు. తొంభై రెండు శాతం పోలిక చాలని ఎవరి కేసో తెచ్చి అంటించినవాళ్లకి, ఈ ఒక్క ఖాళీ దగ్గర మాత్రం మనిషి ఆనలేదు.

మా దగ్గర దస్తావేజు రాసేటప్పుడు పేరు రాసి ఊరుకోం. తండ్రి పేరు, వయసు, వృత్తి, ఇంటి నెంబరుతో సహా నివాసం, ఆధార్ నెంబరు, ఆపైన సాక్షులు. 2001 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలోకి ఫొటో, వేలిముద్రలు కూడా వచ్చాయి. అంత రాసినా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే అందులో మనుషుల సంగతి ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు వరకే కనబడుతుంది. ఆ మధ్య ఒక పెద్దాయన ఈసీ పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. తన పొలం తనే ఎవరికో అమ్మేసినట్టు అందులో ఉందని గోల. సర్వే నెంబరు ఒకటే, సబ్ డివిజన్ వేరు. అమ్మింది ఆయన పెదనాన్న కొడుకు, ఇద్దరికీ ఒకే తాత పేరు. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో వన్ బీ (ఎవరి పేరున ఏ భూమి ఉందో చూపే కాగితం) తీసి, పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు వేలుపెట్టి చూపిస్తే గాని ఆయన కుర్చీలో కూర్చోలేదు. నేను టీ తెప్పించాను, అది కూడా తండ్రి పేరు చూశాకే తాగాడు.

హెల్ప్‌లైన్ గురించి. తెలుగు మాట్లాడే అమ్మాయి దొరికింది, విసుక్కోలేదు, అడిగినదానికి దాపరికం లేకుండా చెప్పింది. "డేటా మేం ఇస్తాం సర్, నిర్ణయం మీదే" అంది. రిపోర్టు చివరి పేజీలో కూడా ఆ మాటే ఉంది: ఈ సమాచారం అదే పేరుగల వేరొకరిది కావచ్చు, కచ్చితత్వానికి మాది పూచీ కాదు. బూడిద రంగులో, అద్దాలు పెట్టుకున్నా కనబడనంత సన్నగా. భయపెట్టేది మొదటి పేజీలో, పూచీ లేదన్నది చివరి పేజీలో. ఉత్తర్వు కాపీ జతచేసి మెయిలు పెడితే కేసు తీసేసి, గుండ్రాన్ని ఆకుపచ్చ చేసి కొత్త రిపోర్టు పంపారు. అందులో కంపెనీలు అలాగే ఉన్నాయి. మళ్లీ రాస్తే అవీ పోయాయి. డబ్బు వెనక్కి అడిగితే వచ్చేసారి వాడుకోమని కూపన్ పంపారు. వచ్చేసారి ఏమిటి, ఇదే పిల్లకి ఇంకో సంబంధం చూసుకోమనా?

ఒకటి మరిచిపోయేవాణ్ని. ఫారంలో "ఆ వ్యక్తి అనుమతి తీసుకున్నాను" అని ఒక టిక్కు గడి ఉంది. బావ టిక్కు పెట్టేశాడు. ఎవరైనా పెట్టేస్తారు. అబ్బాయికి ఒక మెసేజీ పంపి నిజంగా ఒప్పుకున్నాడా అని కనుక్కోవచ్చు, వాళ్లు కనుక్కోలేదు. పంపి ఉంటే ఆ అబ్బాయే తండ్రి పేరు, సభ్యత్వ నెంబరు ఇచ్చేవాడు, రిపోర్టు కూడా బాగుండేది.

నా రేటింగు అయిదుకి రెండు. ఒకటి ఆ హెల్ప్‌లైన్ అమ్మాయికి. రెండోది కేసు నెంబరు, డిన్ నెంబర్లు దాచకుండా ముద్రించినందుకు. అవి లేకపోతే వాళ్ల తప్పు పట్టుకోవడానికి నాకూ దారి ఉండేది కాదు. ఊరికే "కేసుంది" అని రాసి నెంబరు ఇవ్వని సర్వీసు ఎదురైతే దాని జోలికే వెళ్లకండి.

మీకు ఎటూ కొనాలనే ఉంటే కోర్టు ముక్క వరకు ఉండే చిన్న ప్యాకేజీ తీసుకోండి, ఎక్కడెక్కడ ఆ పేరు ఉందో జాబితాగా పనికొస్తుంది. ప్రతి కేసుకీ ఉత్తర్వు తెరిచి తండ్రి పేరు, వయసు మీరే చూసుకోవాలి. వృత్తి సంగతి మాత్రం నెంబరు అడగడమే. డాక్టరైతే రిజిస్ట్రేషన్ నెంబరూ, ఏ రాష్ట్ర కౌన్సిల్లో నమోదైందీ అడిగి జాతీయ వైద్య కమిషన్ వారి ఇండియన్ మెడికల్ రిజిస్టరులో చూడవచ్చు, అందులో తండ్రి పేరు కూడా ఉంటుంది. ప్రాక్టీసు చేసే సీఏ సంతకం పెట్టిన సర్టిఫికెట్టయితే 2019 నుంచి దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి పద్దెనిమిది ఉండే యూడిన్ అనే గుర్తింపు నెంబరు ఉంటుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. వకీలుకి బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంటు నెంబరుంటుంది. మన దగ్గరికి ఎక్కువగా వచ్చే సాఫ్ట్‌వేరు సంబంధాలకే ఇలాంటి రిజిస్టరు ఏదీ లేదు. డిజిలాకర్లో డిగ్రీ, పీఎఫ్ పాస్‌బుక్కులో కంపెనీ పేరు అబ్బాయినే తన ఫోన్లో తెరిచి చూపించమనాలి. మా అప్ప రెండో కూతురికి అలాంటిదే ఒకటి వచ్చేలా ఉంది, ఈసారి ఫారం నింపే ముందు నాకు ఫోన్ చెయ్యమని బావకి గట్టిగా చెప్పాను.